మంచం దిగితే ఆట పోయినట్టే

గుత్తి,
8-7-1958

అక్క మదీనాబీకి తమ్ముడు అబ్దుల్ గఫూర్ సలాములు.

బావ నా పిల్లలను క్షేమంగా కుందుర్పి చేర్చినట్టు కార్డు అందింది. నేను నిన్ననే మదనపల్లె దగ్గరి ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాను. జుబేదాకు క్షయ ఒక్క ఊపిరితిత్తికే పట్టిందట. నాలుగు నెలలు మంచం దిగకుండా పడుకొని సూదులు వేయించుకుంటే నయమవుతుందని డాక్టరు చెప్పారు. మధ్యలో లేచిపోతే మాత్రం తన పూచీ లేదన్నారు.

ఇక పిల్లల సంగతి. అమీర్ బీకి తొమ్మిదేళ్ళు, కుళ్ళాయికి ఆరు. నాలుగు నెలల కోసం అక్కడి బడిలో చేర్చడం అనవసరం. ఇంట్లోనే ఆటల ద్వారా విద్య నేర్పవచ్చునని ఉపాధ్యాయ శిక్షణలో మాకు చెప్పారు. ఆ ప్రకారం జాబితా రాసి పంపుతున్నాను. మొదటిది, వెడల్పాటి తొట్టెలో నీళ్ళు నింపి కాగితపు పడవలు వదులుట. రెండవది, తడి దూదిలో గింజలు మొలకెత్తించుట. మూడవది, ఇంట్లో పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయుట. నాలుగవది, గుడ్డ బొమ్మలతో నీతి నాటకం. గంటకొకసారి ఆట మార్చాలి. లేకపోతే పిల్లల బుద్ధి మందగిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, వాళ్ళను అమ్మ మాట ఎత్తనివ్వవద్దు. ఆటలో పడితే పిల్లలు ఎంతటి దిగులైనా మరిచిపోతారు. ఇది నా మాట కాదు, శాస్త్రం.

ఇట్లు,
గఫూర్

కుందుర్పి,
16-7-1958

చిరంజీవి గఫూరుకు అక్క దువా.

నీ జాబితా చేరింది. మీ బావ మీరావలికి చదివి వినిపించాను. ఆయన దూది ఏకే విల్లు పక్కన పెట్టి, "ఇది మన గఫూరు రాసినాడా, గవర్నమెంటోల్లు రాసినారా?" అని అడిగాడు. రెండూ ఒకటేనని చెప్పాను.

తొట్టె నిండా నీళ్ళు పోసి పడవలు వదలాలన్నావు. ఎంత చల్లని మాట రాశావయ్యా! ఇక్కడ బావి అడుగు కనబడి నెల దాటింది. వంకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి, ఒక్క బిందె నింపి తెచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు ఆ బిందెలో పడవలు వదిలి, సాయంత్రం నీ పిల్లలకు తాగడానికి నీతి నాటకం పోస్తాను.

తడి దూది కావాలన్నావు. దూదికి మా ఇంట్లో కరువు లేదు. తడికే కరువు.

ఇక పనికిరాని వస్తువులు. ఇల్లంతా వెదికాను. పగిలిన కుండలో కోడి పొదుగుతోంది. చిరిగిన చీర దూది మూటకు కట్టాం. పనికిరానిది నీ జాబితా ఒక్కటే కనబడింది. దాన్ని కూడా పారేయకుండా గూట్లో దాచాను, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని.

నీ పిల్లలు జాబితా లేకుండానే ఆడారు, విను. సంత రోజు మీ బావ కల్యాణదుర్గం పోయాడు. కదిరప్ప కూతురు పెళ్ళి పరుపు కోసం ఏకిన దూది గది నిండా ఉంది. వీళ్ళిద్దరూ తలుపు వేసుకొని ఆ దూదంతా పైకి ఎగరేశారు. నేను తలుపు తీస్తే లోపల మనుషులు కనబడలేదు. "అత్తా, మబ్బులు పట్టినాయి సూడు!" అని కుళ్ళాయి గొంతు మాత్రం వినబడింది. నిజమే, ఈ ఏడు కుందుర్పిలో పట్టిన మబ్బు అదొక్కటే. దూదంతా మళ్ళీ ఏరడానికి రెండు రోజులు పట్టింది. నీ లెక్క ప్రకారం నలభై ఎనిమిది ఆటలు మార్చినట్టు.

అమీర్ బీ మాత్రం దూదిలో మిగిలిన పత్తి గింజలు ఏరి ఒక డబ్బాలో పోసుకుంది. ఎందుకే అంటే, "లెక్కలు నేర్చుకుంటాండా అత్తా" అంది. సంతోషించు.

అమ్మ మాట ఎత్తనివ్వవద్దన్నావు. నేను ఎత్తడం లేదు. వాళ్ళు కూడా ఎత్తడం లేదు. మన అమ్మ చనిపోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. నీ కాలికి తాడు కట్టి, తాడు కొస దూది మూటకు కట్టి, నేను పని చేసుకునేదాన్ని. నాకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. ఆ శాస్త్రంతోనే నువ్వు మాస్టరువయ్యావు.

అక్క,
మదీనాబీ

గుత్తి,
24-7-1958

అక్కకు సలాములు.

నీ జాబు చదివి బాధపడ్డాను. నేను రాసిన దానిలో ఒక్క అంశమైనా నువ్వు ఆచరించలేదు. తాడు సంగతి దయచేసి బయట ఎవరితోనూ అనవద్దు. ఇక్కడ నాకు కొంచెం గౌరవముంది.

బడి కవరులో రంగు కాగితాలు పంపుతున్నాను. పూలు, పక్షులు కత్తిరించి గోడకు అతికించండి. ఇంకొక సంగతి. పిల్లలను నువ్వు వాకిలి దాటనివ్వడం లేదని బావ కార్డులో రాశాడు. బడికి పంపవద్దన్నాను గాని, బంధించమనలేదు. పక్కింటి గంగక్కకు నలుగురు పిల్లలున్నారు గదా. సాయంత్రం వాళ్ళతో కలిసి ఆడుకోనివ్వు. తోటి పిల్లలతో కలవకపోతే పిల్లలు పిరికివాళ్ళవుతారు. ఇది నీ మొండితనం తప్ప మరొకటి కాదు.

జుబేదా బరువు పెరిగింది. పిల్లలెట్లా ఉన్నారని అడిగింది. హాయిగా ఆడుకుంటున్నారు, నిన్ను తలచుకోవడమే లేదని చెప్పాను. ధైర్యంగా ఉంటుందని అలా చెప్పాను. ఎందుకో ఆ పూట అన్నం తినలేదు.

గఫూర్

కుందుర్పి,
3-8-1958

చిరంజీవి గఫూరుకు దువా.

కన్న పిల్లలు తనను తలచుకోవడమే లేదని చెబితే తల్లికి ఆకలి ఎందుకు కాలేదో నీకు తెలియలేదా? చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇన్నాళ్ళూ ఊరికే సామెత అనుకున్నాను.

నీ రంగు కాగితాలు పీర్ల పండక్కి ముందురోజు చేరాయి. పూలు, పక్షులు కత్తిరించలేదు. పండగ చూసి వచ్చిన మర్నాడు నా గరిటెలు మూడు, అట్లకాడ ఒకటి తీసుకొని, వాటికి రంగు కాగితాలు చుట్టి పీర్లను నిలబెట్టారు. చదివింపులకు నా బెల్లం డబ్బా ఖాళీ చేశారు. అంతవరకు బాగానే ఉంది. పీర్లు లేచాక గుండం తొక్కాలి గదా! మీ అబ్బాయి పొయ్యిలోంచి నిప్పులు చేటలోకి ఎత్తుకొచ్చాడు, దూది ఇంట్లోకి! మీ బావ చూడకపోతే నీకు జాబు రాయడానికి కుందుర్పిలో మేం ఉండేవాళ్ళం కాదు. "ఏమప్పా, ఇల్లు కాలుస్తావా?" అంటే, "గుండం తొక్కితే మొక్కుకున్నది అయితాది గదా మామా" అన్నాడట. ఏం మొక్కుకున్నావని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. నువ్వు వద్దన్నావు గదా.

పండగ నాడు ఇద్దరినీ చావిడి దగ్గరికి తీసుకుపోయాం. జనం మాకు దారి ఎంత బాగా ఇచ్చారనుకున్నావు! అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు పక్కకు జరిగారు. ఇంత మర్యాద నాకు పెళ్ళినాడు కూడా జరగలేదు.

గంగక్క పిల్లలతో ఎందుకు ఆడనివ్వడం లేదన్నావు. నా మొండితనమే. చిన్నప్పటి నుంచీ ఉన్నదే గదా, కొత్తగా రాయడమెందుకు?

అక్క

కుందుర్పి,
19-8-1958

చిరంజీవి గఫూరుకు దువా.

ఈసారి నిన్ను వెక్కిరించడానికి కూర్చోలేదు. నీ పిల్లలు తమంతట తామే ఒక ఆట కనిపెట్టారు. పది రోజులుగా అదే ఆడుతున్నారు, గంటకొకసారి మార్చడం కూడా లేదు. అదేమిటో నీకు తెలియాలి.

నడింట్లో మంచం వేసుకొని అమీర్ బీ పడుకుంటుంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని దగ్గుతుంది. గడప దగ్గర సుద్దతో ఒక గీత. ఆ గీత అవతల కుళ్ళాయి నిలబడి, "అమ్మా, అన్నం తింటివా? అమ్మా, సూది నొప్పి పెట్టిందా?" అని అడుగుతాడు. అన్నం పళ్ళెం గీత దగ్గర పెట్టి కర్రతో లోపలికి తోస్తాడు. కొంతసేపయ్యాక వాడు మంచమెక్కుతాడు, అది గీత దగ్గర నిలబడుతుంది. మీ బావ డాక్టరు. పరుపులు కుట్టే దబ్బనం తీసుకొని వచ్చి, గుచ్చినట్టు గుచ్చి, "బాగా తింటాండావా తల్లీ?" అంటాడు. పెళ్ళి పరుపులు మూల పడ్డాయి.

ఆ సుద్ద గీత ఎక్కడ నేర్చారని అడిగాను. ఆసుపత్రికి పోకముందు మీ ఇంట్లో జుబేదా గది ముందు నువ్వే గీశావట, బడి సుద్దతో. తప్పు గీశావని అనడం లేదు. కానీ నాలుగు పేజీల జాబితా రాసిన వాడివి, ఈ ఆట నువ్వే నేర్పావని తెలుసుకోవద్దా?

మొదటి రోజు కసిరాను. "ఇంకేం ఆటలు లేవా మీకు, అపశకునం!" అన్నాను. అమీర్ బీ లేవలేదు. "అమ్మ ఆడ ఒక్కతే పండుకోని ఉండాది అత్తా. మేం ఈడ తోడు ఆడుతాండాం" అంది. నేను పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. పొగ ఎక్కువగా ఉంది ఆ రోజు.

ఆ గింజల డబ్బా లెక్క కూడా తెలిసింది. నూట ఇరవై గింజలు. రోజుకొకటి తీసి పారేస్తుంది. డబ్బా ఖాళీ అయిననాడు అమ్మ మంచం దిగాలి. అంతకు ముందే అమ్మ దిగితే ఆట పోయినట్టే, మళ్ళీ నూట ఇరవై నుంచి మొదలు. కుళ్ళాయి అప్పుడప్పుడు దొంగతనంగా రెండేసి తీస్తాడు, అమ్మ బిరీన వస్తుందని. అది నాలుగు తగిలించి మళ్ళీ వేయిస్తుంది.

వాళ్ళు అమ్మ బొమ్మలు గీసి, దూది అతికించి ఇచ్చారు. జుబేదాకు చూపించు. కొత్త కవరు దొరకలేదు. నువ్వు రంగు కాగితాలు పంపిన బడి కవరే మళ్ళీ అతికించి పంపుతున్నాను.

అక్క

కార్డు
కుందుర్పి,
20-8-1958

గఫూరుకు దువా. నిన్నటి జాబులో రాసిందే ఈ రోజు కూడా. అమీర్ బీ పొద్దున్నుంచి మంచం దిగలేదు. నోటికి గుడ్డ, ఒకటే దగ్గు. కుళ్ళాయి గడప దాటడం లేదు, అన్నం కర్రతోనే తోస్తున్నాడు. సూదులు మీ బావే వేస్తున్నాడు. నేను చెప్పడం మానుకున్నాను. జుబేదాకు తప్పక తెలియజేయి. అక్క.

గుత్తి,
25-8-1958

అక్కా,

నీ కార్డు శనివారం అందింది. నిన్నటి జాబు అన్నావు, ఏ జాబూ రాలేదు. ఇంత సంగతి కార్డు మీద, అందరూ చదివేటట్టు రాస్తావా? నా బిడ్డకు కూడా ఆ జబ్బే పట్టిందా? ఎన్నాళ్ళ నుంచి? నెత్తురు పడుతోందా? సూదులు బావ వేయడమేమిటి? ఆయన దూది ఏకేవాడా, డాక్టరా? మీకు మతులున్నాయా?

జుబేదాకు తెలియజేయమన్నావు గనుక నిన్న ఆదివారం పోయి తెలియజేశాను. ఆమె ఏడవలేదు. మంచం దిగి గేటు దాకా నడిచింది. నర్సులు పట్టుకొచ్చి పడుకోబెట్టారు. "నా బిడ్డ ఆడ దగ్గుతాంటే నేనీడ పండుకోవల్లనా? వచ్చే ఆదివారం మూట కట్టుకుంటా. నువ్వు పిల్చుకపోకుంటే నడిచి పోతా" అంది. ఇప్పుడు మందు ఆపితే ఆరు నెలలు కూడా బతకదని డాక్టరు ఆమె ముందే చెప్పారు. ఆమె ఆయన వైపు చూడనైనా చూడలేదు.

ఆదివారం ఆమెను తీసుకొని వస్తాను. మరొక దారి లేదు. అన్ని ఆటలూ వెంటనే ఆపించు. అమీర్ బీని కల్యాణదుర్గం డాక్టరుకు చూపించు.

గఫూర్

కుందుర్పి,
29-8-1958, శుక్రవారం

గఫూరూ,

ఈ జాబు టపాలో వేయడం లేదు. టపా మన ఇద్దరికీ చేసిన మేలు చాలు. మీ బావ రేపు పొద్దున బస్సెక్కి నేరుగా ఆసుపత్రికే వస్తున్నాడు. ఇది జుబేదా మంచం దగ్గర నిలబడి గట్టిగా చదువు. పాఠం చెప్పినట్టు కాదు, మనిషి మాట్లాడినట్టు చదువు.

జుబేదా, నీ కూతురికి ఏ జబ్బూ లేదు. నిన్న నా ములక్కాయ చెట్టు ఎక్కి కొమ్మ విరిచింది. దగ్గేది ఆటలో. నువ్వు ఆసుపత్రిలో ఒక్కదానివే పడుకొని ఉన్నావని, నీకు తోడుగా అక్కాతమ్ముళ్ళిద్దరూ వంతులేసుకొని ఇక్కడ మంచం మీద పడుకొని దగ్గుతున్నారు. అంతా వివరంగా రాశాను. ఆ జాబు ఎక్కడ పోయిందో మీ ఆయన బడి దేవుడికే తెలియాలి. ఆ కార్డు రాసింది నేనే. ముందు జాబు చదివి ఉంటాడులే అనుకొని రాశాను. తప్పు నాదే తల్లీ. నీ మొగుడిని ముప్పై ఏళ్ళుగా ఎరిగి కూడా అలా రాయడం నా బుద్ధి తక్కువే.

గఫూరూ, నీకొక సంగతి చెప్పలేదు. పిల్లలను నేను బంధించలేదు. వాళ్ళు వచ్చిన నాలుగో రోజే గంగక్క వాకిట్లోకి వచ్చి, "మీ పిల్లోల్లను మా తట్టు పంపొద్దు మదీనమ్మా. వాల్లమ్మది మంచి రోగం గాదంట" అంది. ఆ వెనకే ఎదురింటి సిద్దమ్మ కూడా. పీర్ల పండగలో దారి ఇచ్చిన మర్యాద అదే. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకూ పిల్లలున్నారు. కానీ "అత్తా, మాతో ఎవరూ ఎందుకు ఆడరు?" అని కుళ్ళాయి అడిగితే, మీ నాయన జాబితాలో లేదు గనుక అని చెప్పాను. నువ్వు నన్ను మొండిదన్నావు. పడ్డాను. నిజం చెబితే నీకు ఏడుపు వస్తుందని పడ్డాను.

జుబేదా, నువ్వు మూట కట్టుకుంటున్నావని విని నీ కూతురు ఏడుస్తుందేమో అనుకున్నాను. దానికి కోపం వచ్చింది. "అమ్మకు ఆట తెల్దా? మంచం దిగితే ఆట పోయినట్టే! మల్లా నూట ఇరవై పండుకోవల్ల!" అని ఎగిరింది. తర్వాత డబ్బా తెచ్చి వాళ్ళ మామ చేతిలో పెట్టింది. ఇకనుంచి గింజ అమ్మే తీయాలట, రోజుకొకటి. రేపటిది దారిలో వాళ్ళ మామ తీస్తాడు. ఆదివారం నీ చేతికి వచ్చేసరికి అరవై ఎనిమిది ఉండాలి. లెక్క చూసుకో. ఆ తర్వాత మూట కట్టుకుంటావో, విప్పుకుంటావో నీ ఇష్టం. ఆట వాళ్ళది, పోగొట్టేది నువ్వు.

మదీనాబీ

గుత్తి,
1-9-1958

అక్కకు సలాములు.

ముందు నా సంగతి రాసి తల దించుకుంటాను. ఈ రోజు నీ జాబు దొరికింది. బడి కవరు, లోపల లావుగా ఉండడంతో మా బంట్రోతు యేసన్న దాన్ని పైఆఫీసు నుంచి వచ్చిన బోధన సామగ్రి అనుకొని ఆట వస్తువుల బీరువాలో పెట్టాడు. ఆ బీరువా ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు తప్ప తెరవం. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది, అడిగితే నేనే తీసి ఇచ్చాను. నువ్వు ఏమంటావో నాకు తెలుసు. అను.

నిన్న నేను పోయేసరికి జుబేదా మూట పక్కన పెట్టుకొని వరండాలో కూర్చొని ఉంది. బావ గేటు దగ్గర డబ్బా పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను వచ్చేదాకా కాపలావాడు ఆయన్ను లోపలికి వదలలేదట. నేను నీ జాబు చదివాను. సగం దాకా చదివాను. గంగక్క మాటల దగ్గర కాగితం దించేశాను. మిగతాది ఆమే తీసుకొని చదువుకుంది.

చదివి డబ్బా ఒళ్ళో బోర్లించుకొని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకసారి, రెండుసార్లు. "అరవై ఆరే ఉండాయి" అంది. "నేను దారిలో ఒకటే తీసినా తల్లీ, అల్లా మీద ఆన" అని బావ చెవులు పట్టుకున్నాడు. అప్పుడు ఆమె నవ్వింది అక్కా. జబ్బు పడ్డాక మొదటిసారి ఆమె నవ్వు విన్నాను. "కుళ్ళాయిగాడు కొట్టేసినాడు, దొంగ. వానికి చెప్పు, ఆ రెండు దినాలు గూడా నేను పండుకుంటా" అంది. మూట విప్పి, దుప్పటి పరుచుకొని మంచం ఎక్కింది. ఆ రోజు గింజ తీసి నా చేతిలో పెట్టింది.

ఇకపై నేను జాబితాలు పంపను. దసరా సెలవులకు నేనే వస్తాను. నాకు ఏ ఆటలూ రావు. మంచం మీద పడుకోమంటే పడుకుంటాను.

నీ తమ్ముడు,
గఫూర్

కుందుర్పి,
11-10-1958

చిరంజీవి గఫూరుకు దువా.

దసరాకు వస్తానన్నావు, పరీక్ష పేపర్లు దిద్దాలని కార్డు రాశావు. ఆదివారం ఆదివారం ఆసుపత్రికి పోతున్నావు గనుక క్షమించాను. ఊరి పిల్లలందరి మార్కులూ వేశాక, తీరిక దొరికితే నీ పిల్లలను కూడా ఒకసారి చూసిపో.

పోయిన గురువారం ఇక్కడ వాన పడింది. దూది వాన కాదు, నిజం వాన. మన ఇంటి ముందు కాలువ కట్టి పారింది. నీ జాబితాలో మొదటిది గుర్తొచ్చి, గూట్లోంచి ఆ కాగితాలన్నీ తీసి పిల్లలకు ఇచ్చాను. జాబితాలు, చీవాట్లు, శాస్త్రం, అన్నీ పడవలయ్యాయి. పనికొస్తాయని దాచాను గదా, పనికొచ్చాయి. ఇరవై దాకా పడవలు. గంగక్క నలుగురు పిల్లలూ తమ గడప మీద నిలబడి చూశారు, చూశారు, ఇంక ఆగలేక నీళ్ళలోకి దూకేశారు. గంగక్క వెనకాలే కేకేస్తూ వచ్చింది. పిల్లలు వినలేదు. ఆమె కొంతసేపు నిలబడి, కొంగు నెత్తిన కప్పుకొని, "మదీనమ్మా, ఆ పెద్ద పడవ నా చిన్నోనికి ఇప్పియ్యి" అంది. ఇప్పించాను. ఒక్క మాట అన్నా ఏడ్చేసేదాన్ని.

నీ ఒకటో తేదీ జాబు మాత్రం పడవ చేయనివ్వలేదు. అది నా దగ్గరే ఉంది.

జుబేదాకు ఈ సంగతి చెప్పు. పోయిన రెండు గింజలు దొరికాయి. వాటిని పారేస్తే అక్క కనిపెట్టి కొడుతుందని, కుళ్ళాయి సుద్ద గీత పక్కనే గడప కింద మట్టిలో పాతిపెట్టాడట. వానకు రెండూ మొలిచాయి. వేలెడంత ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి ఆకులు. నీ జాబితాలో రెండవ అంశం, గింజలు మొలకెత్తించుట. ఇన్ని రాస్తే అదొక్కటి నీ ఇష్టప్రకారం జరిగింది. డైరీలో రాసుకో.

గీత ఇంకా తుడవలేదు. జుబేదా చేత్తో తుడిపించాలని అమీర్ బీ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. లెక్క ప్రకారం ఈ రోజుకు డబ్బాలో ఇంకా ఇరవై నాలుగు. మీద ఆ రెండు. మొలిచిన వాటిని పెరికి డబ్బాలో వేయలేం. తొందరపడి రావద్దను. చివరి గింజ తీసి, ఆ రెండు రోజులూ పడుకొని, అప్పుడు మంచం దిగి, వచ్చి చూసుకోమను.

నీళ్ళు పోసే పని కుళ్ళాయిది. నా తాగే బిందెలోంచే పోస్తున్నాడు. చూసి కూడా చూడనట్టు ఉన్నాను.

అక్క,
మదీనాబీ